తంతిలేని వార్తల అంచెలు – శక్తి పొదుపు



రేడియో వినువారికి రిలే అను మాట క్రొత్తది కాదు. ఢిల్లీలో చదివిన వార్తలను మరియొక కేంద్రము అందుకొని తన శ్రోతలకు వినిపించునప్పుడు ఆ మాటను మీరు పలుమారులు వినియుందురు. అది పరాసు భాషనుండి ఆంగ్లములోనికి వచ్చినది. వేటలో అలసిన కుక్కలకు బదులుగా క్రొత్త కుక్కలను దారిలో సిద్ధముగా నిలుపుట దాని పూర్వార్థము. పిమ్మట ప్రయాణికులకు మార్పుగుర్రములను నిలుపు ఏర్పాటునకును ఆ పేరు చెల్లినది. దీనికి సరియైన తెలుగుమాట వెదకకయే మనకు దొరకును. అది అంచె. అంచెతపాలు, అంచెగుర్రము, అంచెలంచెలుగా పోవుట అని మన పెద్దలు వాడిన మాటయే అది. కావున నేటి ప్రసంగమున నేను అంచె యనియే వాడెదను. రెండు అంచెల నడిమి దారిని మజిలీ యందము.

14వ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన ఇబన్ బటూటా అను యాత్రికుడు ఢిల్లీ సుల్తానుల నాటి కాలినడక తపాలును వర్ణించియున్నాడు. ఆయన చెప్పిన ప్రకారము మైలునకు మూడు తావులందు పరుగువాండ్రు సిద్ధముగా నుందురు. జాబు తెచ్చువాని చేతికోలకు చిరుగంటలు కట్టియుండును. ఆ గంటల చప్పుడు వినబడగనే తరువాతి తావునందలి వాడు లేచి నడుము బిగించును. జాబు చేతికందగనే పరుగెత్తును. ఈ చిన్న వృత్తాంతమును మీరు మనసున నుంచుకొనుడు. నేటి యంత్రశాస్త్రజ్ఞులు ఎంతో శ్రమపడి సాధించిన ఒక యుపాయము ఆ చిరుగంటలలోనే దాగియున్నది. దానిని ముందు చెప్పెదను.

తంతిలేని వార్తలలో అంచె యనగా ఏమి? ఒకచోట పుట్టిన విద్యుత్తరంగము దూరమందున్న గ్రాహకయంత్రమును చేరజాలనపుడు, నడుమ నొక యంత్రమును నిలిపి, అది ముందు విని, పిమ్మట తిరిగి పలుకునట్లు చేయుట. కొండమీది స్తంభము, ఊరిబయటి సెల్‌ఫోను స్తంభము, ఆకాశమున తిరుగు ఉపగ్రహము, పొలములో పాతిన అరచేతియంత యంత్రము, ఇవి యన్నియు ఏదో యొక విధమున అంచెలే. వీనిలో పెక్కింటికి విద్యుత్తు ఎడతెగక లభింపదు. బ్యాటరీలోని శక్తి గాని, సౌరఫలకము నాటికి నాడు ఆర్జించిన శక్తి గాని, వానికి ఆహారము. ఆ యాహారము ముగిసిననాడు అంచె మూగవోవును. దానివెనుక నున్న ఊరు ఊరంతయు మూగవోవును. కావున పొదుపు ఇచ్చట కేవలము ఖర్చుమాట కాదు, ప్రాణముల మాట.

ముందుగా అంచె వలన శక్తి యెట్లు కలిసివచ్చునో చూతము. దీపమునకు ఎదురుగా ఒక పలకను పట్టుకొనుడు. దీపమునుండి దానిని రెట్టింపు దూరమునకు జరిపినచో దానిమీద బడు వెలుగు సగము కాదు, నాలుగవ వంతగును. వెలుగు నలుదిక్కులకు విరియుచు పోవుటయే దీనికి కారణము. విద్యుత్తరంగమునకును అడ్డులేని ఆకాశమున ఇదే నియమము. దూరము రెట్టింపైనచో నాలుగురెట్లు శక్తి కావలెను. మూడింతలైనచో తొమ్మిది రెట్లు. నేలకు దగ్గరగా, తరంగము నేలను దాకి మరల లేచి తన్ను తానే చెరచుకొనుచోట, నియమము ఇంకను కఠినము. అచ్చట దూరము రెట్టింపైనచో పదునారు రెట్లు శక్తి వలసివచ్చుట కలదు.

ఇప్పుడు చిన్న లెక్క చేయుదము. పది కిలోమీటర్ల దూరమునకు ఒక వార్తను ఒక్క దూకున పంపుటకు 100 పాళ్ల శక్తి కావలెననుకొందము. నడుమ నొక అంచెను నిలిపినచో ఒక్కొక్క మజిలీ ఐదు కిలోమీటర్లు. దూరము సగమగుటచే ఒక్కొక్కదానికి 25 పాళ్లు చాలును, రెండింటికి 50. పది మజిలీలు చేసినచో ఒక్కొక్కదానికి ఒక్క పాలు, మొత్తము 10. నూరు పదియైనది. ఇంతకంటె లాభమేమి యని తోచును.

ఈ లాభము కల్ల కాదనుటకు అంగారకగ్రహమే సాక్షి. 2004వ సంవత్సరము జనవరిలో అమెరికావారి స్పిరిట్, ఆపర్చ్యూనిటీ యను రెండు యంత్రశకటములు ఆ గ్రహముమీద దిగినవి. వానికి ఆహారము ఎండ మాత్రమే. అవి నేరుగా భూమితో మాటలాడగలవు. కాని భూమి మిక్కిలి సమీపించినప్పుడును సుమారు ఐదున్నర కోట్ల కిలోమీటర్ల దూరమున నుండును. అంత దూరమునకు ఆ చిన్న శకటము సెకనునకు మూడువేల ఐదువందల మొదలు పండ్రెండువేల వరకు మాత్రమే సంకేతములు పంపగలిగెను. అదే శకటము, నెత్తిమీద కొన్నివందల కిలోమీటర్ల యెత్తున తిరుగుచున్న మార్స్ ఒడిస్సీ యను ఉపగ్రహమునకు సెకనునకు 1,28,000 సంకేతములు అందించెను. ఎనిమిది నిమిషములలో అంచెకు అప్పగింపగలిగిన వార్తను నేరుగా భూమికి పంపవలెననిన గంటన్నర మొదలు ఐదు గంటల వరకు పట్టును. ఎండమీద బ్రతుకు యంత్రమునకు ఈ భేదము ఎంతటిదో వేరుగ చెప్పనేల? ఆ రెండు శకటములు పంపిన విశేషములలో అత్యధికభాగము అంచె ద్వారముననే మనకు చేరినది.

అయినచో ఎన్ని యంచెలు నిలిపిన అంత మేలా? కాదు. ఇచ్చటనే పలువురు పొరపడుదురు. పై లెక్కలో మనము గొంతు ఖర్చును మాత్రమే చూచితిమి. ఇంటి ఖర్చును చూడలేదు. పలుకు యంత్రమునకు పలుకుటకే కాక తాను పనిచేయుటకును శక్తి కావలెను. వినుయంత్రమునకును అట్లే. ఒక్కొక్క మజిలీకి ఈ రెండు కొనలందలి యంత్రముల కర్చు 4 పాళ్లు అనుకొందము. ఇప్పుడు ఒకే దూకున పంపినచో 100కు 4 కలిసి 104. రెండు మజిలీలైనచో 50కి 8 కలిసి 58. నాలుగైనచో 25, 16 కలిసి 41. ఐదైనచో 20, 20 కలిసి 40. ఇంతవరకు తగ్గుచు వచ్చినది. పది మజిలీలైనచో 10, 40 కలిసి 50; మరల పెరిగినది. ఇరువదియైనచో 5, 80 కలిసి 85. ఇరువదియైదైనచో 4, 100 కలిసి 104. అనగా ఇరువదినాలుగు అంచెలను నిలిపి, ఒక్క అంచెయు లేనినాటి కర్చునకే మరల వచ్చితిమి!

ఈ లెక్కలో మేలైన స్థానమేదియో గమనించితిరా? గొంతు ఖర్చు 20, ఇంటి ఖర్చు 20, రెండును సమానమైన చోటు. అడ్డులేని చోట సమదూరమున అంచెలను నిలుపునపుడు ఈ సామ్యమే కొలబద్ద. నేల కఠినమైనచోట గొంతు ఖర్చు హెచ్చగుటచే అంచెలు దగ్గరగా నుండవలెను; యంత్రములు ఎక్కువ తిండి తినునవైనచో దూరముగా నుండవలెను. అంచెల సంఖ్యను దూరమొక్కటియే నిర్ణయింపదని దీని తాత్పర్యము.

ఇంతకంటె పెద్ద కర్చు మరియొకటి కలదు. అది కంటికి కనబడదు, ఊరక వినుచుండుట. మనకు మాటలాడుట శ్రమ, వినుట విశ్రాంతి. చిన్న రేడియోయంత్రముల విషయమున అట్లు కాదు. ఇట్టి అంచెలలో విరివిగా వాడబడిన సీసీ 2420 అను రేడియో చిప్పు పూర్తిస్థాయిలో పలుకునపుడు 17.4 మిల్లీ ఆంపియర్లను, వినుచుండునపుడు 18.8 మిల్లీ ఆంపియర్లను పుచ్చుకొనును. అనగా వార్త వచ్చునేమో యని చెవియొగ్గి కూర్చుండుటయే మాటలాడుటకంటె ఒకింత ఎక్కువ కర్చు! 2,500 మిల్లీ ఆంపియర్ గంటల శక్తి గల బ్యాటరీతో అది ఎడతెగక వినుచున్నచో ఐదున్నర దినములలో బ్యాటరీ ఖాళీయగును. అదే యంత్రము నూటికి తొంబదితొమ్మిది పాళ్లు నిద్రించి ఒక్క పాలు మాత్రము మేల్కొని వినినచో, తక్కిన కర్చులను విడిచి లెక్కించిన, అదే బ్యాటరీ ఏడాదిన్నర వచ్చును. గొంతు తగ్గించుటవలన ఇంత లాభము కలుగదు. నిద్రవలన కలిగినది.

కాని నిద్రించు అంచెకు వార్త వచ్చినదని యెట్లు తెలియును? ఇబన్ బటూటా చెప్పిన చిరుగంటలు ఇచ్చట పనికివచ్చును. పంపుయంత్రము అసలు వార్తకు ముందు కొంతసేపు ఒక సూచనధ్వనిని ఎడతెగక పంపును. నిద్రించు అంచె నడుమనడుమ ఒక్క క్షణము కన్ను తెరచి, ఆ ధ్వని లేనిచో మరల నిద్రించును. ఉన్నచో మేల్కొని వార్తను అందుకొనును. అందరి గడియారములను సరిచేసి, ఫలానా నిమిషమున అందరును మేల్కొనవలెనని కట్టడి చేయుట మరియొక పద్ధతి. ఇంకను సూక్ష్మమైనది, గంటను మాత్రమే వినునట్టి అత్యల్పశక్తి చెవి నొకదానిని వేరుగా అమర్చుట. అయితే నిద్ర గాఢమైన కొలది వార్త ఆలస్యమగును. ప్రతి మజిలీయందును ఆ యాలస్యము చేరుచుండును. ప్రాతఃకాలపు తేమను నమోదు చేయు యంత్రము గంటసేపు నిద్రించినను దోషము లేదు. ఆపదను సూచించు యంత్రము అట్లు నిద్రింపరాదు. ఎంత నిద్ర తగునో వార్త స్వభావమునుబట్టి తేల్చవలెను.

వినిన వార్తను తిరిగి పలుకు విధము రెండు తెరగులు. బడిపంతులుగా నేను ఈ రెండు తెరగుల శిష్యులను చక్కగా ఎరుగుదును. ఒకడు వినినదానిని అర్థమెరుగక అట్లే గట్టిగా అప్పగించును. గురువు దగ్గినచో ఆ దగ్గును గూడ అప్పగించును. మరియొకడు పదవిభాగముచేసి, అర్థమెరిగి, తన మాటగా స్పష్టముగ చెప్పును. అంచెలలోను ఇట్లే. మొదటి తెరగు అంచె వచ్చిన తరంగమును రొదతోకూడ పెంచి పంపును. పని సులభము, కాని శక్తిలో కొంతభాగము రొదను మోయుటకే వ్యయమగును. మజిలీ మజిలీకి ఆ రొద పేరుకొనును. రెండవ తెరగు అంచె సంకేతములను విడదీసి, తప్పులు దిద్ది, శుభ్రమైన వార్తను క్రొత్తగా పంపును. ఆలోచించుటకు కొంత శక్తి పట్టినను, మజిలీలు పెక్కైనచోట ఇదియే మేలు. తనకు తెలియని వార్తను అది పలుకకుండుట మరియొక లాభము. తప్పు వార్తను మోయుటకంటె మౌనము చౌక.

తప్పులు దిద్దుటకు వార్తలోనే కొంత అధికభాగమును చేర్చి పంపుదురు. వేదపాఠకులు పదము, క్రమము, జట, ఘనము అని ఒకే మాటలను పలువిధముల కూర్చి చెప్పుటవలన ఒక చోటి తప్పును మరియొకచోటు పట్టియిచ్చును. సంకేతశాస్త్రమును ఈ న్యాయమునే గణితముతో సాగించినది. వార్త కొంత పొడుగైనను, గొంతు తగ్గించి పలికినను అర్థము చెడదు గనుక మొత్తముమీద శక్తి మిగులును.

ఇక అంచెల విషయమున న్యాయాన్యాయముల ప్రశ్న యొకటి యున్నది. నూరు యంత్రములు పొలమంతటను పరచి, అన్నియు ఒక మూలనున్న కేంద్రమునకు వార్తలు పంపుచున్నవనుకొనుడు. దూరపు యంత్రము తన వార్తను మాత్రమే పలుకును. కేంద్రమునకు దగ్గరనున్న యంత్రము తనదియు, వెనుకనున్న వారందరిదియు మోయవలెను. కావున దాని బ్యాటరీ ముందుగా ముగియును. అది చచ్చినపిమ్మట వెనుకనున్న తొంబది యంత్రములు నిండు బ్యాటరీలతో నున్నను వాని మాట కేంద్రమునకు చేరదు. మొత్తము కర్చు తక్కువగా నుండుట చాలదనియు, అది ఎవరిమీద పడుచున్నదో చూడవలెననియు దీనివలన తేలుచున్నది. ఎల్లప్పుడు దగ్గరి దారినే పోవు పద్ధతి ఆ దారియందలి అంచెను చంపును.

దీనికి 2000వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థకు చెందిన హైంజెల్‌మన్, చంద్రకాసన్, బాలకృష్ణన్ అను ముగ్గురు పరిశోధకులు లీచ్ అను నొక పద్ధతిని ప్రకటించిరి. మన పల్లెలలో కాలువనీటికి వంతులు పెట్టుకొనుట మీరెరుగుదురు. ఇదియు అట్టిదే. యంత్రములు గుంపులుగా నేర్పడును, గుంపునకొక పెద్ద. ఆ పెద్ద తక్కినవారి వార్తలను సేకరించి, కూడి కుదించి, ఒక్క వార్తగా పంపును. కాని పెద్దరికము ఎవరికిని శాశ్వతము కాదు. వంతులవారీగా మారుచుండును. అందరి శక్తియు ఇంచుమించు సమముగా తరుగును. పదిమంది పంపు పది వార్తలకు బదులు ఒక్క సారాంశము పోవుట మరియొక ఆదాయము.

ఈ మాటలన్నియు పుస్తకమున నుండునవి మాత్రమే కావు. కేరళలోని ఇడుక్కి జిల్లాయందు మున్నారు అను కొండప్రాంతము కలదు. అచ్చటి ఆంథోనియార్ కాలనీ యనుచోట 2005వ సంవత్సరమున కొండచరియ విరిగిపడినది. ఆ వాలునందే అమృత విశ్వవిద్యాపీఠము వారు 2008 ప్రాంతమున తంతిలేని యంత్రముల నేర్పరచిరి. నేలలో లోతుగా రంధ్రములు తొలిచి, మట్టిలోని నీటి ఒత్తిడిని, నేల వంపును, కదలికను కనిపెట్టు సాధనములను దింపిరి. వాని వార్తలు అంచెలమీదుగా కార్యస్థానమును, అచ్చటనుండి ఉపగ్రహము ద్వారా కొల్లము జిల్లాలోని వారి విద్యాలయమును చేరును. 2009 జులైలో కురిసిన పెనువానలలో ఈ యేర్పాటువలన ముందుగా హెచ్చరిక చేయగలిగిరి.

అచ్చటి చిక్కును ఆలోచింపుడు. అంచెలకు ఆహారము ఎండ. కొండచరియ విరుగు ముప్పు ఎండకాలమున రాదు; దినముల తరబడి మబ్బు క్రమ్మి వాన కురియునప్పుడు వచ్చును. అనగా ఏనాడు అంచె మేల్కొని మాటిమాటికి పలుకవలెనో ఆనాడే దానికి ఆహారము లేదు. ఎండకాలమున నేల కదలదు గనుక యంత్రములు అరుదుగా కొలిచి అరుదుగా పలుకవలెను. వాన హెచ్చినకొలది, నేలలో ఒత్తిడి పెరిగినకొలది, కొలుచుటయు పలుకుటయు హెచ్చవలెను. మంచికాలమున మిగిల్చినది చెడ్డకాలమున అక్కరకు రావలెను. గృహస్థుడు గాదెలో ధాన్యమును నిలువచేయుట ఇందులకే గదా! అంగారకముమీది ఆపర్చ్యూనిటీ శకటమును ఇట్టి చీకటియే కడతేర్చినది. 2018 జూనులో ధూళితుపాను ఎండను కప్పివేసెను. మింటనున్న అంచెలు పనిచేయుచునే యున్నను, శకటమునకు పలుకుటకు శక్తి లేకపోయెను. మరల అది నోరు విప్పలేదు.

మన తీరమునకు వత్తము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినది. విద్యుత్తు స్తంభములు కూలినవి. సెల్‌ఫోను సేవలు దెబ్బతినినవి. తనవారు బ్రతికియున్నారో లేదో తెలిసికొనుటకు జనులు పడిన వేదన ఆ జిల్లావారికి తెలియును. సెల్‌ఫోను స్తంభము కరెంటు పోయినపిమ్మట తన బ్యాటరీలమీదను, అవి ముగిసినపిమ్మట డీజిలు యంత్రముమీదను ఆధారపడును. దారులు తెగినచో డీజిలు తెచ్చువాడు లేడు. స్తంభము ప్రతి గంటకు ఎంత తక్కువ శక్తి తినునో అన్ని గంటలు ఎక్కువ బ్రతుకును. దాని శక్తిలో పెద్దపాలు తరంగమును పెంచు యంత్రభాగమునకు పోవును. పాతవానిలో అందు సగముకంటె ఎక్కువ వేడిగా మారి వ్యర్థమగును. ఆ వేడిని చల్లార్చుటకు మరల శక్తి కావలెను. మేలైన యంత్రభాగములను వాడుట, ఊరు నిద్రించువేళ స్తంభమునందలి అనవసరపు భాగములను నిద్రపుచ్చుట, సౌరశక్తిని జతచేయుట, ఇవి నేటి యుపాయములు. 2012 జనవరిలో భారతప్రభుత్వపు దూరసంచారశాఖ గ్రామములందలి స్తంభములలో సగమును, పట్టణములందు 20 శాతమును 2015 నాటికి కరెంటుతోపాటు సౌరాది శక్తులతో నడుపవలెననియు, 2020 నాటికి వానిని 75, 33 శాతములు చేయవలెననియు ఆదేశించినది. డీజిలు పొగ తగ్గించుట దాని ముఖ్యోద్దేశము. తుపాను తీరమున దానికి మరియొక ప్రయోజనమును కలదని నా మనవి.

శ్రోతలు చేయదగినదియు కొంత కలదు. స్తంభమునకు దూరమైనకొలది మన చేతిఫోను గట్టిగా అరవవలసివచ్చును; దాని బ్యాటరీ త్వరగా తరుగును. కావున తుపానువేళ గదిమూలనుండి గాక స్తంభము అందుబాటులోనుండు చోటునుండి పలుకుడు. పది నిమిషముల సంభాషణమునకు బదులు నాలుగుమాటల సందేశమును పంపుడు. అది మీ ఫోనునకును పొదుపు, వేలమందిని మోయుచున్న అంచెకును పొదుపు. మీ యూరిలో క్రొత్త స్తంభము నిలుపునాడు అది ఎంతదూరము వినబడునని మాత్రమే అడుగకుడు. కరెంటు పోయినపిమ్మట ఎన్నిగంటలు బ్రతుకునో అడుగుడు. తుపాను రక్షణగృహమున్న గ్రామములవారు ఈ ప్రశ్నను తప్పక అడుగవలెను.

తగినన్ని యంచెలు, తగినంత నిద్ర, వంతులవారీ బరువు, ఆపత్కాలమునకు నిలువ, ఈ నాలుగును కుదిరిన అంచె కొద్దిపాటి శక్తితోనే చిరకాలము పలుకును. ఒరులకొరకు మోయువానిని మోతతోనే చంపకుండుట దీనికంతకును మూలసూత్రము.